రెండో తరగతి ప్రోగ్రెస్ కార్డులో మార్కులు లేనప్పుడు దాన్ని ఎలా చదవాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంత వరకు మొదట ఇక్కడ పెడతాను. మీరు జూన్‌లో నెల్లూరు నుంచి బెంగళూరు వచ్చి, పాపను వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక ఇంగ్లీషు మీడియం బడిలో రెండో తరగతిలో చేర్చారు. దసరా సెలవులకు ముందు ఇచ్చిన ప్రోగ్రెస్ కార్డులో మార్కులు గానీ, శాతం గానీ, ర్యాంకు గానీ లేవు. ఒక్కో సబ్జెక్టు కింద పది పన్నెండు వాక్యాలు, ప్రతి వాక్యం ఎదుట 1 నుంచి 4 లోపు ఒక అంకె మాత్రమే ఉన్నాయి. పాపకు ఇంగ్లీషు చదవడంలో 3, కూడికలో 3, తీసివేతలో 2, మాటల్లో ఇచ్చే రాత లెక్కల్లో 2, కన్నడం రాయడంలో 1 వచ్చాయి. నాలుగుకు రెండంటే యాభై శాతమేనా, పాప వెనకబడిందా, క్లాసులో ఎన్నో స్థానంలో ఉందో ఎలా తెలుస్తుంది, తాతగారు ఫోన్‌లో మార్కులు అడిగితే ఏమి చెప్పాలి అన్నవి మీ సందేహాలు.

నేను ఇరవై ఆరేళ్లుగా ఒకటి నుంచి మూడో తరగతి వరకు పిల్లలకు చదువు చెబుతున్నాను. మొదటి తొమ్మిదేళ్లు అనంతపురం జిల్లాలో పనిచేశాను, ఆ తర్వాతంతా బెంగళూరులోనే. మార్కుల కార్డులూ రాశాను, ఇలాంటి కార్డులూ రాశాను, రెండింటినీ తప్పుగా రాసిన సందర్భాలూ ఉన్నాయి. మార్కుల కార్డు పిల్లకు ఎంత వచ్చిందో చెబుతుంది. మీ చేతికి వచ్చిన కార్డు పిల్లకు ఏమి వచ్చో చెప్పడానికి తయారైంది. ఈ తేడాను పట్టుకోకుండా ఆ అంకెలను చూస్తే, ఇంట్లో అనవసరమైన కంగారు మొదలవుతుంది.

మొదటి సందేహం తీరుద్దాం. ఈ కార్డులో 2 అంటే యాభై శాతం కాదు. పొయ్యి మీది అన్నం ఇంకా పలుకు మీద ఉందని అంటాం గానీ, అది యాభై శాతం అన్నమని ఎవరూ అనరు. ఇక్కడి అంకెలు కూడా అలాంటి దశల పేర్లే. తీసివేతనే తీసుకుంటే, 1 అంటే వస్తువులు ముందు పెట్టి, టీచరు పక్కన కూర్చుంటే తప్ప చేయలేకపోతోందని అర్థం. 2 అంటే కొన్ని రకాల లెక్కలు సొంతంగా చేస్తోంది, కొన్నింటికి ఇంకా సాయం కావాలి. 3 అంటే ఆ తరగతికి అనుకున్నదంతా, వేరువేరు రోజుల్లో అడిగినా, ఎవరి సాయమూ లేకుండా చేస్తోంది. 4 అంటే అదే విషయాన్ని కొత్త సందర్భంలో వాడుతోంది, లేదా ఎందుకలా చేశావని అడిగితే తన మాటల్లో చెప్పగలుగుతోంది. అందుకే ఈ పద్ధతిలో చేరవలసిన చోటు 3. చాలామంది తల్లిదండ్రులు 3 చూసి ఒక మార్కు ఎక్కడ పోయిందని అడుగుతారు, ఎక్కడా పోలేదు. ఇక 4 అన్నది పై తరగతి లెక్కలు ముందే చేయడానికి ఇచ్చే బహుమతి కూడా కాదు. రెండేళ్లు అబాకస్ నేర్చుకుని మూడంకెల కూడికలు టకటకా చెప్పే పిల్లవాడు, పదుల స్థానంలోకి ఆ 1 ఎందుకు వెళ్లిందో చెప్పలేకపోతే, నా కార్డులో అతనికి 3 మాత్రమే వస్తుంది. దీని మీద నాతో వాదించిన తండ్రులు ఉన్నారు, నేను మార్చలేదు.

ఇక్కడే మీరు బడిని అడగవలసిన అతి ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉంది. ఆ అంకె ఏడాది చివరికి రావలసిన సామర్థ్యంతో పోల్చి వేసినదా, లేక సెప్టెంబరు వరకు చెప్పిన పాఠాలతో పోల్చి వేసినదా? రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి, ఏది వాడుతున్నారో కార్డు మీద రాయని బడులే ఎక్కువ. ఏడాది చివరి సామర్థ్యంతో పోల్చితే, మొదటి టర్మ్‌లో 2 రావడం మామూలు విషయం, పైగా కావలసిన విషయం. జూన్‌లో మొదలైన ప్రయాణంలో అక్టోబరు నాటికి పిల్ల సగం దారిలో ఉందని దానర్థం. అలా కాక, ఇప్పటి వరకు చెప్పిన పాఠాలతోనే పోల్చి 2 వేసి ఉంటే, చెప్పిన దానిలో కొంత ఇంకా పట్టుబడలేదని అర్థం, అప్పుడు ఏది పట్టుబడలేదో తెలుసుకోవాలి. ఒకే అంకెకు ఇంత తేడా ఉంది కాబట్టి, ఈ జవాబు దొరికే వరకు ఆ 2 మీద మంచి అభిప్రాయమూ వద్దు, చెడ్డ అభిప్రాయమూ వద్దు.

మార్కు దాచిపెట్టేది ఏమిటో ఒక ఉదాహరణతో చూపిస్తాను, ఎందుకంటే తీసివేతలో 2 అన్నప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చేది ఇదే. ఇద్దరు పిల్లలకు పది తీసివేతలు ఇచ్చామనుకోండి, ఇద్దరికీ పదికి ఏడు వచ్చాయి. మొదటి పిల్ల తప్పు చేసిన మూడూ చూడండి: 52లో 38 పోతే 26 అని రాసింది, 71లో 45 పోతే 34, 60లో 27 పోతే 47. చూడగానే అజాగ్రత్త అనిపిస్తుంది. కానీ ఒకట్ల స్థానం వరకే చూడండి. 2లో 8 పోదు కాబట్టి, ఆ పిల్ల 8లో 2 తీసేసి 6 వేసింది. 1లో 5 పోదు కాబట్టి 5లో 1 తీసి 4 వేసింది. సున్నాలో 7 పోదు కాబట్టి 7 అలాగే దించింది. అంటే ఎప్పుడూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయాలన్న ఒక నియమాన్ని తనంతట తాను తయారు చేసుకుని, దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది. పదుల స్థానం నుంచి ఒక పదిని విప్పి పది ఒకట్లుగా తెచ్చుకోవచ్చన్న సంగతి ఆమెకు ఇంకా తెలియదు. అప్పు తెచ్చుకోనక్కర్లేని ఏడు లెక్కలూ సరిగ్గా చేసింది. రెండో పిల్లవాడికి అప్పు తెచ్చుకోవడం బాగా వచ్చు. కానీ వేళ్ల మీద లెక్కపెట్టేటప్పుడు ఒకటి ఎక్కువో తక్కువో పడి, మూడు చోట్ల జవాబు తప్పింది. మార్కుల కార్డులో ఈ ఇద్దరూ ఒక్కటే. నేను రేపు క్లాసులో చేయవలసిన పని మాత్రం ఇద్దరికీ వేరు. మొదటి పిల్లకు చీపురుపుల్లల కట్టలు ఇచ్చి, ఒక కట్ట విప్పించి, పది విడి పుల్లలు చేయించాలి. రెండో పిల్లవాడికి ఇరవై లోపు తీసివేతలు నోటికి వచ్చేలా రోజుకు ఐదు నిమిషాలు ఆట ఆడించాలి. మీ పాప కార్డులో తీసివేతకు ఒక్క వాక్యం కాకుండా రెండు వాక్యాలు ఉంటే, అప్పు లేనివాటికి 3, అప్పు ఉన్నవాటికి 2 అని ఉంటే, ఆ బడి ఈ పనిని తెలిసి చేస్తోందని నేను నమ్ముతాను.

సగటు సంగతీ ఇలాంటిదే. ఒక పిల్లకు జూలై నుంచి నవంబరు దాకా ఐదు చిన్న పరీక్షల్లో పదికి 2, 4, 6, 9, 9 వచ్చాయి. మరొక పిల్లకు అయిదింటిలోనూ 6 చొప్పున వచ్చాయి. సగటు తీస్తే ఇద్దరికీ 6. కానీ నవంబరులో మొదటి పిల్లకు ఆ పాఠం వచ్చేసింది, రెండో పిల్ల జూలైలో ఎక్కడ ఉందో అక్కడే ఉంది. ఈ పద్ధతిలో రాసే టీచరు సగటు తీయదు. తాజాగా, ఒకటికి రెండు సార్లు కనిపించిన ఆధారాన్ని బట్టి ఇప్పుడు పిల్ల ఎక్కడ ఉందో రాస్తుంది. జూలైలో రాకపోవడం తప్పు కాదు కదా, అప్పటికి ఇంకా నేర్పలేదు.

పరీక్ష పెట్టకుండా టీచరుకు ఎలా తెలుస్తుందని మీకు అనుమానం రావచ్చు. చదవడం విషయం చెబుతాను. నేను నెలకు ఒకసారైనా ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంతకు ముందు చూడని నూరు మాటల కథను చదివిస్తాను. నా దగ్గర అదే కథ ఇంకో ప్రతి ఉంటుంది. పిల్ల సరిగ్గా చదివిన మాట మీద టిక్కు పెడతాను, తప్పు చదివితే ఏమని చదివిందో పైన రాస్తాను, తనంతట తాను వెనక్కి వెళ్లి దిద్దుకుంటే దానికి వేరే గుర్తు పెడతాను. 'హౌస్' ఉన్న చోట 'హోమ్' అని చదివిన పిల్ల అక్షరాలు సరిగ్గా చూడలేదు గానీ కథ అర్థం చేసుకుంటోంది. అక్కడే 'హార్స్' అని చదివి, వాక్యం అర్థం చెడినా ఆగకుండా ముందుకు పోయిన పిల్ల అక్షరాలను చూస్తోంది గానీ అర్థాన్ని వెతకడం లేదు. రెండూ ఒక్కొక్క తప్పే, కానీ నాకు రెండోదే ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. చదివాక రెండు మూడు ప్రశ్నలు అడిగి, కథను తిరిగి చెప్పమంటాను. ఈ కాగితాలు, నోటుపుస్తకాలు, లెక్క చేస్తున్నప్పుడు పిల్ల నోట వచ్చిన మాటలు, ఇవన్నీ కలిస్తేనే ఆ అంకె. మూడు గంటల పరీక్ష కన్నా ఇది టీచరుకు చాలా ఎక్కువ పని. నలభై మంది ఉన్న క్లాసులో ఒక్కో పిల్లకు ఎనిమిది నిమిషాల చొప్పున లెక్క వేసుకుంటే, ఒక్క విడతకే ఐదు గంటలకు పైగా పడుతుంది.

ప్రవర్తనను, చదువును వేరువేరుగా రాయడం ఈ పద్ధతిలో మరొక పట్టింపు. మన చిన్నప్పుడు నోటుపుస్తకం శుభ్రంగా ఉంటే అయిదు మార్కులు కలిపేవారు, హోంవర్కు తేకపోతే రెండు తీసేసేవారు. ఒకసారి నా క్లాసులో ఒక బాబు పిన్నిగారి పెళ్లికి కడప వెళ్లి, పన్నెండు రోజులు బడికి రాలేదు. పాత పద్ధతిలో ఆ రెండు వారాల పరీక్షలకు సున్నాలు పడి, సగటు దిగిపోయి, అతనికి లెక్కలు రావని కార్డు చెప్పింది. నిజానికి ఆ సున్నాలు చెప్పినది పెళ్లి ముహూర్తం ఎప్పుడో మాత్రమే. ఇప్పుడు మీ కార్డులో వేళకు పని ముగించడం, తోటివారితో కలిసి పనిచేయడం, వంతు వచ్చే దాకా ఆగడం వంటివి వేరే పెట్టెలో కనిపిస్తున్నాయంటే కారణం ఇదే. ఆ పెట్టె ముఖ్యం కాదని దయచేసి అనుకోకండి. ఆరేడేళ్ల వయసులో నేను ముందుగా చదివేది ఆ పెట్టెనే.

ఇదంతా ఖరీదైన బడుల ఫ్యాషన్ అని మీ మామగారు అనుకుంటున్నట్టు రాశారు. ఆ అనుమానం సహజమే గానీ, నిజం కాదు. పిల్లలందరికీ ఒకే సమయం ఇచ్చి వేరువేరు ఫలితాలు ఒప్పుకునే బదులు, పాఠం పట్టుబడే వరకు సమయాన్నీ సాయాన్నీ మార్చాలన్న వాదన అమెరికాలో విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1968లోనే చేశారు. ఆ దేశపు ప్రాథమిక బడుల్లో 1 నుంచి 4 అంకెల కార్డులు చాలా చోట్ల వాడుకలో ఉన్నాయి. మన దగ్గర 2009 నాటి విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఏడాది పొడవునా పిల్లను అన్ని వైపుల నుంచీ గమనించి అంచనా వేయడం, చేయాలని చెప్పింది. 2017లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) ఎనిమిదో తరగతి దాకా తరగతివారీగా అభ్యసన ఫలితాలను, అంటే ఏ తరగతిలో పిల్లకు ఏమేమి రావాలో, ప్రకటించింది. 2020 జాతీయ విద్యా విధానం సమగ్ర ప్రగతి పత్రం కావాలంది, అందులో పిల్ల తన గురించి తాను చెప్పే మాటకు, తోటి పిల్లలు చెప్పే మాటకు కూడా చోటిచ్చింది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసు దాకా, అంటే రెండో తరగతి ముగిసే వరకు, ప్రత్యేకంగా పరీక్షలు పెట్టడం తగదని స్పష్టంగా రాసింది. పిల్లను గమనించడం, పిల్ల చేసిన పనిని పరిశీలించడం, ఈ రెండే మార్గాలని చెప్పింది.

మీ మామగారికి ఇంకా నచ్చే సంగతి ఒకటుంది. మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి వారు చుట్టుపక్కల పల్లె బడుల కోసం ఒక పద్ధతి తయారు చేశారు. పాఠ్యపుస్తకం బదులు కార్డులు, వాటిని వరుసగా చూపించే ఒక నిచ్చెన, ఆ నిచ్చెన మీద మైలురాళ్లు ఉంటాయి. ఒక మైలురాయి దాటిన పిల్లే తర్వాతి కార్డు తీసుకుంటుంది, జ్వరం వచ్చి పది రోజులు రాకపోతే వదిలిన మెట్టు నుంచే మళ్లీ మొదలుపెడుతుంది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె ప్రాంతపు ఉపాధ్యాయులు దాన్ని చూసి వెళ్లి, యునిసెఫ్ తోడ్పాటుతో తమ బడులకు అనువుగా మలుచుకున్నారు. అదే 'నలి కలి'. కర్ణాటక ప్రభుత్వ కన్నడ బడుల్లో చిన్న తరగతుల పిల్లలు ఈ నాటికీ అలాంటి నిచ్చెన ముందు నిలబడి తమ మెట్టు చూసుకుంటారు. వైట్‌ఫీల్డ్ బడి కార్డులో కనిపించే ఆలోచన, చిత్తూరు సీమ పల్లెల నుంచి ముప్పై ఏళ్ల క్రితమే కన్నడ నేలకు వచ్చినదన్న మాట.

ఇక పాప వెనకబడిందా అన్నది. తోటి పిల్లలతో పోల్చి చెప్పలేను, ఈ కార్డు అది చెప్పడానికి తయారు కాలేదు కూడా. కానీ ఒక కొలత మీ చేతికి ఇవ్వగలను. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు పట్టుబడాలని 2021 జూలైలో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో తరగతివారీ లక్ష్యాలు ఉన్నాయి. రెండో తరగతి ముగిసే నాటికి పిల్ల నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థం చేసుకుంటూ తప్పుల్లేకుండా చదవాలి, 999 వరకు సంఖ్యలు చదివి రాయాలి, 99 లోపు తీసివేతలు చేయాలి. మూడో తరగతి చివరికి చదవడం నిమిషానికి కనీసం 60 మాటలు, సంఖ్యలు 9999 వరకు. గుర్తుంచుకోండి, ఇవి ఏడాది చివరి లక్ష్యాలు. గడియారం పెట్టి పిల్లను పరుగెత్తించడానికి వీటిని వాడితే, నోరు మాత్రమే పరుగెత్తి, అర్థం వెనకే మిగిలిపోతుంది. నెలకు ఒకసారి, తెలియనివ్వకుండా, పక్కన కూర్చుని వినండి చాలు.

కన్నడంలో 1 గురించి మీరు ఎక్కువ బాధపడుతున్నట్టు ఉన్నారు. అది నాకు ఏమాత్రం ఆందోళన కలిగించని అంకె. పాప ఈ రాష్ట్రానికి వచ్చి నాలుగు నెలలే అయింది. అయితే కన్నడం టీచరును వేరుగా కలిసి, విని అర్థం చేసుకోవడంలో, మాట్లాడటంలో ఎక్కడ ఉందో అడగండి. చాలామంది తెలుగు పిల్లలకు అవి వెంటనే 2 దాకా వచ్చేస్తాయి, రాత వెనక ఉంటుంది. దానికి ఒక చిత్రమైన కారణం ఉంది. ఇంట్లో తాతగారో నాయనమ్మో తెలుగు అక్షరాలు దిద్దించి ఉంటే, పిల్ల కన్నడ అక్షరాన్ని గుర్తుపడుతుంది గానీ, దాని నెత్తిన మన తలకట్టు పెట్టేస్తుంది. కన్నడ తలకట్టు అడ్డంగా సాగి వంపు తిరుగుతుంది, మనది టిక్కు గుర్తులా పైకి లేస్తుంది. క, త, చ రాయమంటే నా దగ్గర చేరిన తెలుగు పిల్లలు ఏటా ఇదే చేస్తారు. అది తెలియకపోవడం కాదు, రెండు తెలిసి కలిసిపోవడం; దసరా తర్వాత కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. దీని కోసం ఇంట్లో తెలుగు దిద్దించడం ఆపకండి.

భాషకు సంబంధించి ఇంకో జాగ్రత్త ఉంది, ఇది కొందరు టీచర్లూ పట్టించుకోరు. పాపకు రాత లెక్కల్లో 2 వచ్చింది. ఆ లెక్కలు ఇంగ్లీషులో ఉంటాయి. "రవి దగ్గర 35 గోలీలు ఉన్నాయి, సీత దగ్గర 18 ఉన్నాయి, రవి దగ్గర ఎన్ని ఎక్కువ ఉన్నాయి" అన్న లెక్కను మీరు తెలుగులో చెప్పి చూడండి. వెంటనే 17 అని చెబితే, లోపం లెక్కలో లేదు, ఇంగ్లీషు వాక్యంలో ఉంది. తెలుగులో చెప్పినా 'ఎక్కువ' అన్న మాట వినగానే రెండూ కలిపి 53 అంటే, అప్పుడు అది లెక్కకు సంబంధించిన సంగతే. ఈ రెండింటిలో ఏదో టీచరుకు చెప్పగలిగితే, మీరు ఆమెకు ఒక వారం పని ఆదా చేసినట్టే.

ఈ పద్ధతిని నేను సమర్థిస్తున్నాను గానీ, దాని పేరుతో జరిగేదంతా సమర్థించను. కొన్ని బడులు పాత పద్ధతిలోనే పరీక్ష పెట్టి, తొంభై దాటితే 4, డెబ్భై దాటితే 3 అని మార్చి, కార్డు మీద పువ్వులూ నక్షత్రాలూ వేస్తాయి. అది మార్కులకు వేసిన ముసుగు మాత్రమే. కొన్ని బడుల కార్డులో ఎనభై వాక్యాలు ఉంటాయి. ఎనభై విషయాలను నలభై మంది పిల్లల్లో నిజంగా చూసిన టీచరు భూమ్మీద లేదు. కొన్ని చోట్ల 'ఎ' సెక్షన్‌లో 3 అంటే ఏమిటో, 'బి' సెక్షన్‌లో అది కాదు, ఎందుకంటే ఇద్దరు టీచర్లూ కలిసి కూర్చుని ఒకే నోటుపుస్తకాన్ని చూసి మాట్లాడుకోలేదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చిన కొత్తలో నేను పనిచేసిన ఒక బడిలో, రేపు తల్లిదండ్రుల సమావేశం అనగా ముందు రోజు రాత్రి కూర్చుని నలభై రెండు కార్డులు నింపాను. ఇరవై దాటాక చెయ్యి దానంతట అదే "బాగుంది, ఇంకా మెరుగుపడాలి" అని రాసుకుంటూ పోయింది. మరుసటి రోజు ఒక ఆటో నడిపే తండ్రి ఆ కార్డు నా ముందు పెట్టి, "ఏది మెరుగుపడాలి మేడమ్, చెబితే ఇంట్లో చూసుకుంటాం" అని మర్యాదగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల నోటుపుస్తకం తెరిచి, అతని ముందే మొదటిసారి సరిగ్గా చూశాను.

కాబట్టి సమావేశానికి వెళ్లినప్పుడు "మా పాప ఎలా చదువుతోంది" అని అడగకండి; ఆ ప్రశ్నకు "బాగా చదువుతోంది" అన్న జవాబు తప్ప ఏదీ రాదు. అంకె ఏ కాలానికి సంబంధించినదో ముందు అడగండి. తర్వాత 2 ఉన్న ఒక్క వాక్యం ఎంచుకుని, అది 2 అని మీకు తెలిపిన పనిని చూపించమనండి. నోటుపుస్తకంలో ఒక పేజీ, ఒక వర్క్‌షీటు, చదివించినప్పటి కాగితం, ఏదో ఒకటి చూపించగలగాలి. చివరగా, ఇది 3 కావాలంటే పాప ఏమి చేస్తూ కనిపించాలో అడగండి. ఈ మూడింటికీ పది నిమిషాలు చాలు. చూపించడానికి ఏమీ లేదంటే, గొడవ పడకుండా రెండు వారాల తర్వాత మళ్లీ వస్తానని చెప్పి రండి. నన్నెవరైనా అలా అడిగి వెళితే, ఆ రెండు వారాలూ ఆ పిల్లను తప్పకుండా గమనిస్తాను, మనుషులం కదా.

అంకెలతో పాటు టీచరు రాసిన నాలుగు మాటలు కార్డులో ఉంటే, ఇంట్లో వాటినే పైకి చదవండి, అంకెలు పాప ముందు చదవవద్దు. ఇజ్రాయెల్‌లో పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో, వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలకు పని మీద ఆసక్తి, తర్వాతి పనిలో నాణ్యత మెరుగ్గా కనిపించాయి. గ్రేడుతో పాటు వ్యాఖ్య కూడా అందుకున్న పిల్లలకు ఆ లాభం దక్కలేదు. గ్రేడు కనిపించగానే పిల్లలు వ్యాఖ్యను వదిలేస్తారు. పెద్దవాళ్లమూ అంతేనని, మీ ఉత్తరంలో టీచరు వ్యాఖ్య ఒక్కటి కూడా లేకపోవడం చూస్తే అర్థమవుతోంది.

రేపు పెద్ద తరగతుల్లో మార్కులు, ర్యాంకులు తప్పవు కదా అన్న భయం నాకు తెలుసు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అనే ఇళ్ల మధ్యనే నేనూ ఉంటున్నాను. ఆ పరీక్షలు వస్తాయి, పాప వాటికి అలవాటు పడుతుంది, అందుకు ఏడేళ్ల వయసులో సాధన అవసరం లేదు. ఇప్పుడు పదుల కట్ట విప్పడం అర్థం కాకపోతే మాత్రం, నాలుగో తరగతిలో భాగహారం దగ్గర, ఆరో తరగతిలో దశాంశాల దగ్గర అదే లోపం కొత్త పేరుతో ఎదురవుతుంది. ఐదో తరగతిలో నా దగ్గరికి ట్యూషన్‌కు పంపిన పిల్లల్లో సగం మందికి నేను మళ్లీ చెప్పింది రెండో తరగతి తీసివేతే.

తాతగారి ప్రశ్న మిగిలింది. ర్యాంకు లేదని చెబితే ఆయన ఒప్పుకోరు, మీరు దాస్తున్నారనే అనుకుంటారు. ఈ ఆదివారం వీడియో కాల్ చేసినప్పుడు పాప ముందు యాభై రెండు చింతపిక్కలు పోయండి. పదేసి చొప్పున అయిదు గిన్నెల్లో, మిగిలిన రెండూ విడిగా పెట్టమనండి. అందులోంచి ముప్పై ఎనిమిది తాతకు ఇవ్వాలని చెప్పి, మీరు పక్కకు తప్పుకోండి. మూడు గిన్నెలు జరిపాక, చేతిలో రెండే పిక్కలుంటే ఎనిమిది ఎలా ఇవ్వాలో పాప ఆలోచిస్తుంది. ఇంకో గిన్నె తనంతట తాను ఒలికించుకుంటే ఆయన అక్కడే చూస్తారు. ఒలికించకపోతే, ఎలా ఇవ్వాలో ఆయన్నే అడగనివ్వండి. మీరు మాత్రం నోరు విప్పవద్దు.